గడప దగ్గర లేని చెప్పులు

చిన్నప్పుడు ఎవరైనా వచ్చి "నాయన ఉండాడా?" అని అడిగితే నేను ఇంట్లోకి తొంగి కూడా చూసేవాణ్ణి కాదు. గడప దగ్గర చెప్పులు లేకపోతే "లేడు" అనేవాణ్ణి. ఎండైనా వానైనా మా నాయన వట్టికాళ్లతో వీధిలోకి పోడు, చెప్పులతో ఇంట్లోకి రాడు. అందుకే నా మాట తప్పేది కాదు.

ఒక్కసారి తప్పింది. కడంబత్తూరు స్టేషన్ నుంచి నడిచి వస్తుంటే ఆయన చెప్పు తెగింది. జత మొత్తం కుట్టేవాడి దగ్గర వదిలేసి, వట్టికాళ్లతో వచ్చి పెరట్లో మంచం మీద పడుకున్నాడు. మామ వచ్చి అడిగితే నేను గడప వైపు చూసి "లేడు మామా" అన్నాను. మామ తిరుత్తణి బండికి వెళ్లిపోయాడు. నాయన లేచాక ఒకటే అన్నాడు: "పెరట్లోకి వచ్చి చూస్తే ఏం పోయింది రా?"

కనపడలేదు కాబట్టి లేదు అనుకోవడం తప్పేమీ కాదు. మన శాస్త్రాల్లో దాని పేరు అనుపలబ్ధి. కుమారిల భట్టు దారిలో నడిచిన మీమాంసకులు దాన్ని ప్రత్యక్షం, అనుమానం లాగే విడి ప్రమాణంగా, అంటే తెలుసుకునే సాధనంగా, లెక్కపెట్టారు. నైయాయికులు ఒప్పుకోలేదు, ప్రత్యక్షానికి తోడు మాత్రమే అన్నారు. తర్కసంగ్రహం రాసిన మన అన్నంభట్టుది ఈ రెండో పక్షం. ఎంత వాదించుకున్నా, అందరూ పెట్టిన షరతు ఒకటే: యోగ్యత. ఉంటే కనపడి తీరాల్సిన వస్తువు కనపడనప్పుడే లేదనాలి. పట్టపగలు ఖాళీ నేల చూసి కుండ లేదనొచ్చు. చీకటి గదిలో అనకూడదు.

ఈ షరతు విలువ నాకు బాగా అర్థమైంది మా పక్కనే ఉన్న అత్తిరంపాక్కంలో. కృష్ణా నీళ్లు వచ్చి చేరే పూండి జలాశయం దాపున, కొసస్థలి ఏటి పరీవాహకంలో ఉంది ఆ ఊరు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అక్కడ రాతి పనిముట్లు చూశారు. 1999 నుంచి శాంతి పప్పు బృందం మళ్లీ తవ్వింది. 2011లో ప్రకటించిన లెక్క ప్రకారం అడుగు పొరల్లోని చేగొడ్డళ్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లు, ఎంత తగ్గించినా 10 లక్షల పైమాటే. పై పొరల్లో సన్నటి పెచ్చులతో చేసిన కొత్త తరహా పనిముట్లు మొదలయ్యాయి. అవి సుమారు 3,85,000 ఏళ్ల నాటివని 2018లో తేలింది. అప్పటిదాకా చాలామంది ఆ పనితనం మన దేశానికి లక్షా పాతికవేల ఏళ్ల లోపే, ఆఫ్రికా నుంచి వచ్చిన మనుషులతో వచ్చిందనుకున్నారు. అంతకు ముందువి దొరకలేదు కాబట్టి లేవనుకున్నారు. తవ్వింది ఎంత, తవ్వనిది ఎంత అని ఆలోచిస్తే ఆ ధీమా నిలవదు.

మరి ఇన్ని వేల పనిముట్లు చేసినవాళ్లు ఎవరు? వాళ్ల ఎముక అక్కడ ఒక్కటీ లేదు. మన దేశంలో ఆదిమ మనిషి కపాలం అంటే 1982లో నర్మదా తీరాన హథ్నోరాలో దొరికిందే చెబుతారు. అత్తిరంపాక్కంలో జంతువుల ఆనవాళ్లు కూడా కొద్దిపాటి పళ్లు, డెక్కల అచ్చులే. పంటి పైపూత శరీరంలో అన్నిటికన్నా గట్టిది కాబట్టి పళ్లైనా మిగిలాయి. పశువుల ఎముకలనే మిగల్చని నేల మనిషి ఎముకను దాచిపెట్టలేదని ఎలా తప్పుపడతాం? అందుకే తవ్వినవాళ్లు ఫలానా మనిషే చేశాడని గానీ, చేయలేదని గానీ తేల్చలేదు. ఆ నిగ్రహానికి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఈ మధ్య ఒక పెళ్లిలో, విజయవాడ నుంచి వచ్చిన బంధువు నాతో వాదం పెట్టుకున్నాడు. "స్టేషన్‌లో దిగినప్పటినుంచీ చూస్తున్నా బావా, ఒక్క తెలుగు అక్షరం లేదు. మీ ఊళ్లో ఇంకా తెలుగెక్కడుంది?" స్టేషన్ బోర్డు మీద తమిళం, హిందీ, ఇంగ్లీషు ఉన్న మాట నిజమే. ఒకప్పుడు ఆంధ్రలో ఉన్న తిరుత్తణి కూడా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తమిళనాడు 2006లో చేసిన చట్టం తరువాత బడిలో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయింది. మా పిల్లలు తమిళం చక్కగా చదువుతారు, నాకు సంతోషమే. కానీ తెలుగు రాయడం నేర్వని ఇంట్లో తెలుగు రాత కోసం వెతికి, తెలుగే లేదంటే ఎట్లా? ఆ ఇంట్లో తెలుగు ఉంటే వినపడాలి. వినాలంటే వంటింటి దాకా రావాలి.

ఆయనకు నా ఫోన్ చూపించాను. మేనకోడలు పంపిన సందేశం, అంతా తమిళ అక్షరాలే. ఆయన "చూశావా, తమిళం" అన్నాడు. నేను చదివి వినిపించాను. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి మొదట "కడప" అని చదివి, ఆగి దిద్దుకున్నాను.

"మామా, అవ్వ గడప కడగతా ఉండాది. తరవాత ఫోను చేస్తాదంట."