గుండె కండరము మరల చిగుర్చునా?

చర్మము గీసికొనిపోయినచో కొలది దినములలో క్రొత్త చర్మము వచ్చును. విరిగిన ఎముక కట్టు కట్టినచో అతుకును. గుండె కండరమునకు మాత్రము ఈ భాగ్యము లేదు. గుండెకు రక్తము నందించు నాళములో గడ్డ అడ్డుపడినచో ఆ భాగమునకు ప్రాణవాయువు అందదు. పెద్ద గుండెపోటులో నూరు కోట్ల కణముల వరకు నశింపవచ్చును. అచ్చట కండరమునకు మారుగా మచ్చ యేర్పడును. మచ్చ గుండె గోడను నిలుపును గాని రక్తమును తోడజాలదు. బ్రదికి బయటపడిన రోగి పిమ్మట నాలుగడుగులకే ఆయాసపడుట తరచుగా ఇందువలననే.

గుండె కణములు బొత్తిగా పుట్టవా యన్నచో, పుట్టును గాని మిక్కిలి మందముగా. 25 ఏండ్ల వయస్సులో ఏటికి నూటికి ఒకటి చొప్పున మారుననియు, 75 ఏండ్ల నాటికి అందు సగము కూడ ఉండదనియు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2009లో తేల్చిరి. పూర్వపు అణుబాంబు పరీక్షల వలన గాలిలో కలిసిన కార్బన్-14 వారి లెక్కకు ఆధారము. వినాశమునకై పేల్చినవి ఇట్లు అక్కరకు వచ్చుట వింతయే.

అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల గుండె కొనను కొంత కోసివేసినను మూడు వారములలో మరల పెరుగునని 2011లో అమెరికాలో కనుగొనిరి. ఏడవ దినమునకే ఆ శక్తి పోవును. గర్భములోని గుండె చక్కెరను, లాక్టిక్ ఆమ్లమును ఇంధనముగా వాడుకొనును. పుట్టిన పిదప కొవ్వుకు మరలును. శక్తి తగ్గుటకు ఈ మార్పు కూడ ఒక కారణమని శాస్త్రజ్ఞుల తలంపు.

ఇచ్చటనే మనకు తెలిసిన వస్తువొకటి ప్రవేశించుచున్నది. పెరుగునకు పులుపు నిచ్చునది ఈ లాక్టిక్ ఆమ్లమే. దాని అణువులను గొలుసుగా కూర్చి చేసిన ప్లాస్టిక్ శరీరములో మెల్లగా కరిగి మరల ఆ ఆమ్లమే యగును. శస్త్రచికిత్సలో విప్ప నక్కరలేని కొన్ని కుట్టుదారములు ఈ జాతివే. దానితో చేసిన పలుచని అల్లికను దెబ్బతిన్న చోట అతికించినచో, అది కణములకు ఊతయై, కరుగుచు వానికి పిల్లనాటి వాతావరణమును కల్పించునని ఆశ. బార్సిలోనా నగరమందు పరిశోధకులు ఎలుకపిల్లల గుండె కణములకును, మానవ కణములనుండి పెంచిన గుండె కణములకును లాక్టేటు నందింపగా, అవి విభజనకు సిద్ధపడు గుర్తులు కనబరచెను.

ఇది గాజుపాత్రలోని ఫలితము. క్రొత్త కణములు తక్కిన గుండెతో లయ కలుపవలెను; హద్దు మీరి పెరుగరాదు. నేడు మన ఆసుపత్రులలో ఇట్టి చికిత్స లేదు. మజ్జిగ త్రాగినచో గుండె చిగుర్చునని ఎవరైన చాటినచో నమ్మవలదు. కడుపులోనికి పోయిన పులుపు గుండె గాయమునకు మందు కానేరదు.

కనుక చచ్చిన కండరమును తిరిగి తెచ్చుటకన్న, బ్రదికియున్న దానిని కాపాడుటయే నేటికి సాధ్యము. గడ్డను కరిగించు సూదిమందు సాధారణముగా 12 గంటలలోపలనే పనికివచ్చును. మొదటి రెండు మూడు గంటలలో దాని మేలు అత్యధికము. ఇ.సి.జి. పరీక్షయు, ఆ సూదిమందును సమీపమున ఎచ్చట లభించునో పంచాయతీ సభ్యులు ముందే విచారించి, 108 సంఖ్యతోపాటు పంచాయతీ కార్యాలయము గోడపై వ్రాయింపవలెనని మా మనవి. స్త్రీలలోను, మధుమేహము గలవారిలోను ఛాతీ నొప్పి లేకయే చెమటలు, ఆయాసము మాత్రమే కానవచ్చుట కలదు. గ్యాసు నొప్పి యని సోడా త్రాగించి తెల్లవారువరకు వేచియుండరాదని కూడ ఆ గోడపైననే వ్రాయింపవచ్చును.