ఒక్క గది పడవలో ఇద్దరి కాపురం

పడవ అనగానే మన దిగువ కృష్ణా డెల్టా వారికి గిలకలదిండి రేవులోని మరబోట్లు, నాగాయలంక దగ్గర ఏటి పాయ దాటించే పంటులు గుర్తుకు వస్తాయి. మనకు పడవ అంటే బ్రతుకుతెరువు, కాకపోతే ప్రయాణ సాధనం. కానీ తెరచాప కట్టిన చిన్న పడవనే ఇల్లుగా చేసుకుని ఏళ్ళ తరబడి సముద్రం మీద హాయిగా కాపురం చేసిన భార్యాభర్తలు ప్రపంచంలో ఉన్నారు. అంత ఇరుకులో వారు సుఖంగా ఎలా ఉండగలిగారు?

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. హాస్టల్ హాలులో ట్రంకు పెట్టె పక్కన చాప పరుచుకుని చదువుకున్న మనలో చాలామంది, రేపు ఉద్యోగం వచ్చి పెళ్ళయ్యాక విజయవాడలోనో, హైదరాబాదులోనో ఒక్క గది అద్దె ఇంట్లోనే సంసారం మొదలుపెడతాం.

ఇరవై నాలుగు అడుగుల ఇల్లు

లిన్ పార్డీ, లారీ పార్డీ అనే దంపతులు అమెరికాలోని కాలిఫోర్నియాలో తమ చేతులతోనే ఒక పడవ కట్టుకున్నారు. దాని పేరు సెరాఫిన్. పొడవు సుమారు 24 అడుగులు, వెడల్పు 9 అడుగులకు కొంచెం తక్కువ. ఇంజను లేదు. 1968లో నీటిలోకి దించిన ఆ పడవలో పదకొండు సంవత్సరాల పాటు తిరిగి ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. వంట, నిద్ర, చదువు, సామాను అన్నీ అందులోనే.

మన పెడనలో గుంట మగ్గం ఉన్న ఇంటిని తలచుకుంటే ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. గదిలో ఎక్కువ భాగం మగ్గానిదే. భర్త గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, భార్య పక్కనే కండెలు చుడుతుంది. మిగిలిన జానెడు చోటులోనే పొయ్యి, పిల్లలు, పడక. పడవ గది కూడా ఇంతే. కాకపోతే అది ఊగుతూ ఉంటుంది.

వస్తువుకు చోటు, మనిషికి నిద్ర

పడవలో ప్రతి వస్తువుకూ ఒక స్థిరమైన చోటు ఉంటుంది. చీకట్లో చెయ్యి పెడితే కత్తి, లాంతరు, తాడు దొరకాలి. అలమరలకు అంచులు కడతారు, అల వచ్చినప్పుడు గిన్నెలు జారకుండా. పొయ్యిని రెండు వైపులా ఇరుసుల మీద ఉయ్యాలలా వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా పొయ్యి మట్టంగానే ఉంటుంది, మరుగుతున్న నీళ్ళు మీద పడవు.

ఇక నిద్ర. పడవ ముందు భాగం అలల మీద బాగా ఎగిరి పడుతుంది. మధ్య భాగం తక్కువగా కదులుతుంది. అందుకే ప్రయాణంలో పడక మధ్యలో, కింది భాగంలో ఉండాలి. దొర్లి పడకుండా పక్కన గుడ్డ కడతారు. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ కాపలా ఉండాలి కాబట్టి, మూడు నాలుగు గంటల చొప్పున వంతులు వేసుకుంటారు. నిద్రపోయేవారిని అనవసరంగా లేపకూడదు. వంతు వచ్చినవారు పిలిపించుకోకుండా సమయానికి లేవాలి. పరీక్షల రోజుల్లో హాస్టల్‌లో ఈ రెండు సూత్రాలు పాటిస్తే ఎన్ని తగాదాలు తగ్గుతాయో మీరే ఆలోచించండి.

నీరు, గాలి

త్రాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు అనుకుంటే, ఇద్దరికి 30 రోజులకు 240 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల డబ్బాలు పన్నెండు. అందుకే గిన్నెలు సముద్రపు నీటితో కడిగి, చివర కొద్దిగా మంచినీటితో తొలుస్తారు. బట్టలకు మాత్రం ఆఖరి జాడింపు మంచినీటితోనే ఉండాలి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, ఉప్పు మిగిలిన బట్ట ఎండలో ఆరినా రాత్రికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది.

మూసిన గదిలో ఇద్దరి ఊపిరిలోని ఆవిరి గోడల మీద నీటి బొట్లుగా మారుతుంది. ఒక లీటరు కిరోసిన్ మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. ఇది సైన్సు విద్యార్థులు లెక్క కట్టి చూడదగిన విషయం. గాలి ఆడకపోతే పరుపులు బూజు పడతాయి. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, గాలి చాలక సరిగా మండని పొయ్యి నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. అందుకే చలివేసినా, వర్షం వచ్చినా గాలికి ఒక దారి ఉంచాలి. తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకునే ఏ గదికైనా ఇదే హెచ్చరిక.

ఇద్దరికీ అన్నీ రావాలి

పడవ కాపురంలో అసలు కీలకం ఇదే. ఒకరికి జ్వరం వస్తే రెండవవారు చుక్కాని పట్టాలి, తెరచాప దించాలి, వంట కూడా చెయ్యాలి. ‘ఇది ఆడపని, ఇది మగపని’ అంటే పడవ మునుగుతుంది. కోపం వచ్చినా బయటకు వెళ్ళిపోయే వీలు లేదు. ఒకరు నిద్రపోతున్నారంటే తమ ప్రాణాన్ని రెండవవారి చేతిలో పెట్టినట్టే.

ఇందుకు మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2017-18లో ఆరుగురు నౌకాదళ మహిళలు 56 అడుగుల ‘తారిణి’ అనే తెరచాప పడవలో భూమిని చుట్టి వచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య మన తెలుగువారు. తరువాత అదే పడవలో దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులు 2024 అక్టోబరు 2న గోవాలో బయలుదేరి, 2025 మే 29న తిరిగి వచ్చారు. పడవలో ఇద్దరే కాబట్టి ప్రతి పనీ ఇద్దరికీ వచ్చి తీరాలి.

నాణేనికి రెండవ వైపు

రాజమండ్రి, ధవళేశ్వరం ప్రాంతాల్లో గోదావరి మీద నావలనే ఇళ్ళుగా చేసుకున్న మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. భార్యాభర్తలు కలిసే వేటకు వెళతారు. వంట, పడక, పిల్లల పెంపకం నావలోనే. పైన చెప్పిన నేర్పులన్నీ వారికి ఎవరూ నేర్పనవసరం లేదు. అయినా వారి జీవితాన్ని సుఖమని మనం అనలేం. పార్డీ దంపతులు పడవను కోరుకుని ఎక్కారు, వద్దనుకుంటే ఒడ్డున ఇల్లు కట్టుకోగలిగేవారు. గట్టు మీద సెంటు భూమి లేక నావలో ఉండేవారికి ఆ అవకాశం లేదు. నావలో పెరిగే పిల్లలకు బడి అందడం కూడా కష్టమే. అలాంటి పిల్లల కోసమే కదా మన హాస్టళ్ళు ఉన్నది!

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇరుకులో సర్దుకోవడం ఒక నేర్పు, దాన్ని నేర్చుకుందాం. వస్తువును దాని చోటులో పెడదాం, ఎదుటివారి నిద్రను గౌరవిద్దాం, నీటిని కొలిచి వాడదాం, వంటా లెక్కా రెండూ నేర్చుకుందాం. కానీ చోటు లేనివారిని ‘సర్దుకోండి’ అని చెప్పి తప్పుకోవడం న్యాయం కాదు. రేపు మనలో ఎవరైనా అధికారి అయి, ఇళ్ళ పట్టాల జాబితా మీదనో, హాస్టల్ గదుల మంజూరు కాగితం మీదనో సంతకం పెట్టే రోజు వస్తే, ఈ రెండు మాటల మధ్య తేడా గుర్తుంచుకోవాలని నా మనవి.