పొయ్యి మీదే స్కోన్ రొట్టె

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పేరు చెప్పగానే సినిమా వాళ్ళ పెద్ద ఇళ్ళు గుర్తుకొస్తాయి. ఆ ఇళ్ళలో వంట చేసే ఆడవాళ్ళు చాలామంది చుట్టుపక్కల బస్తీల నుంచే వెళ్తారు. అక్కడి వంటింట్లో ఓవెన్ ఉంటుంది. అందులో కేకులు, బిస్కెట్లు, రొట్టెలు కాలుస్తారు. "ఇవి మన ఇంట్లో కావు, మనకు ఓవెన్ లేదు కదా" అనుకుంటాం. కానీ ఓవెన్ లేకపోయినా అవుతాయి.

ఓవెన్ చేసే పని ఏమిటి?

మన దిబ్బరొట్టె సంగతి చూడండి. పాత రోజుల్లో మందపాటి గిన్నెలో పిండి వేసి, మూత పెట్టేవారు. కింద నిప్పులు, మూత మీద నిప్పులు. రొట్టె పైనా కిందా కాలేది. ఓవెన్ చేసేదీ ఇదే. అన్ని వైపుల నుంచి వేడి తగలాలి, అంతే.

స్కోన్ అంటే?

హైదరాబాదులో చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్ తింటాం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. అలాగే ఇంగ్లండు, స్కాట్లండు దేశాల్లో టీతో స్కోన్ తింటారు. అది చిన్న గుండ్రటి రొట్టె. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. దీనికి గుడ్డు అక్కరలేదు. పిండి పులియబెట్టే పని లేదు.

ఎలా పొంగుతుంది?

బేకింగ్ పౌడరులో తినే సోడా, ఒక పుల్లటి పొడి కలిసి ఉంటాయి. తడి తగలగానే రెండూ కలిసి బొగ్గుపులుసు గాలిని పుట్టిస్తాయి. గోలీసోడాలో బుసబుస పొంగేది ఈ గాలే. అదే రొట్టెను ఉబ్బిస్తుంది.

ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి 1843లో ఒక బేకింగ్ పౌడరు తయారు చేశాడు. ఆయన భార్యకు ఈస్టు వేసిన రొట్టె పడేది కాదు. ఆమె కోసమే ఆ పని చేశాడు.

డబ్బా కొనేటప్పుడు తేదీ చదవండి. పాతబడితే పౌడరు పొంగదు. ఒక చెంచా పొడి వేడి నీళ్ళలో వేసి చూడండి. బుసబుసమంటే మంచిది.

ఏమేం కావాలి?

మైదా 250 గ్రాములు
వెన్న 50 గ్రాములు
బేకింగ్ పౌడరు 3 చిన్న చెంచాలు
చక్కెర 2 పెద్ద చెంచాలు
చిటికెడు ఉప్పు
చల్లటి పాలు 150 మిల్లీలీటర్లు

ఎలా చేయాలి?

1. మందపాటి పాత గిన్నెలో అంగుళం మందాన ఉప్పు పోయండి. మధ్యలో చిన్న స్టాండు పెట్టండి. మూత పెట్టి 10 నిమిషాలు వేడి చేయండి. నాన్‌స్టిక్ గిన్నె వాడవద్దు. కుక్కర్ అయితే రబ్బరు, విజిలు తీసేయాలి.

2. మైదా, పౌడరు, చక్కెర, ఉప్పు జల్లించండి. వెన్న వేసి వేళ్ళతో నలపండి. పిండి రవ్వలా పొడిపొడిగా అవుతుంది.

3. పాలు కొంచెం కొంచెం పోసి ముద్ద చేయండి. చపాతీ పిండిలా పిసకవద్దు. మైదాలో జిగురు ఉంది. పిసికేకొద్దీ రొట్టె గట్టిపడుతుంది.

4. ముద్దను ముప్పావు అంగుళం మందాన చేత్తో అదమండి. స్టీలు గ్లాసు అంచుతో గుండ్రంగా కోయండి. పైన పాలు రాయండి.

5. వెన్న రాసిన పళ్ళెంలో పెట్టి, వెంటనే గిన్నెలో దించండి. ఆలస్యమైతే పిండిలోని గాలి పోతుంది. మూత పెట్టి మధ్యరకం మంట మీద 25 నుంచి 30 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

ఆ ఉప్పును మళ్ళీ కాల్చడానికి దాచుకోవచ్చు. కూరల్లో మాత్రం వేయవద్దు.

లెక్క రాయండి

మైదా అంటే ఎక్కువ బలం లేని పిండి. పిల్లలకు రోజూ పెట్టవద్దు. సగం గోధుమపిండి కలపవచ్చు. అప్పుడు పాలు కొంచెం ఎక్కువ పడతాయి.

చేయి తిరిగాక అమ్మాలనిపిస్తే ముందు ఆహార భద్రత శాఖలో పేరు నమోదు చేయించుకోండి. తర్వాత నోటుబుక్కులో ఖర్చు రాయండి. మైదాకు ఎంత? వెన్నకు ఎంత? గ్యాసుకు ఎంత? చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు పని చేసిన గంటల కూలి కూడా రాయండి. మొత్తాన్ని రొట్టెల లెక్కతో భాగిస్తే ఒక్కో రొట్టెకు పడిన ఖర్చు తెలుస్తుంది. అంతకన్నా తక్కువకు అమ్మితే మీ కష్టం ఊరికే పోయినట్టే.

చెప్పండి

1. పిండి కలిపిన వెంటనే ఎందుకు కాల్చాలి?
2. బేకింగ్ పౌడరు డబ్బా మీద ఏం చదవాలి?
3. మీ ఇంట్లో ఒక స్కోన్‌కు ఎంత ఖర్చవుతుంది? కూలితో సహా లెక్క కట్టండి.