మన పాత జీపు అమ్మిన కథ

ఆసుపత్రి వెనుక షెడ్డులోని పాత జీపు ఏమైందని చాలామంది అడుగుతున్నారు. దానిని అమ్మివేశాము. ఎలా అమ్మామో చెబితే, పాత బండి ఉన్నవారికి పనికొస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అది మహీంద్రా జీపు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లిస్ జీపు సంతతి. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. మన జీపు జిల్లా కంటే వయసులో పెద్దది! మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో సాలూరు, పాచిపెంట వైపు కొండ గ్రామాలకు అదే దిక్కు. చిన్న లివరు వేస్తే ముందు చక్రాలకు కూడా ఇంజిను బలం అంది, ఎంత బురదలోనుండైనా పైకి వచ్చేది. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు టీకా పెట్టెలు ఒళ్లో పెట్టుకొని అందులోనే తిరిగాము. 2005లో 108 వాహనాలు వచ్చాక మెల్లగా షెడ్డు పాలైంది. సీట్ల మీద కోళ్లు గుడ్లు పెట్టేవి.

సాలూరు లారీల ఊరు కదా, అక్కడి రేకు పనివారి చేతనే బాగు చేయించాము. రంగు వేసి తెచ్చాక మాకే అమ్మబుద్ధి కాలేదు. కానీ ప్రసవాల వార్డుకు పసిబిడ్డలను వెచ్చగా ఉంచే వార్మరు కావాలి.

మొదట విశాఖపట్నం నుండి ఒకాయన వచ్చారు. మంచి ధర చెప్పారు. వింటేజ్ బండిగా రిజిస్టరు చేయించుకుంటారట. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిను మార్చి ఉండకూడదు. రోజూ తిరగడానికి కూడా వాడకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే. మన జీపుకు ఎప్పుడో పెట్రోలు ఇంజిను తీసి డీజిలు ఇంజిను పెట్టించారు.

మెకానిక్కు మా చెవిలో, “సిస్టరమ్మా, ఆయన అడగనేదు గదా, మనమెందుకు సెప్పాలి?” అన్నాడు. ఒక్క క్షణం వార్మరు కళ్ల ముందు మెదిలింది, దాచడమెందుకు. అయినా చెప్పేశాము. ఆయన కాఫీ తాగి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

నెల తిరిగాక గజపతినగరం దగ్గర మామిడి తోట ఉన్న ఒక రైతు వచ్చారు. తోటలో తిరగడానికి డీజిలే మేలన్నారు. ధర మాత్రం నలభై వేలు తగ్గింది. ఇంజిను మార్పు ఆర్‌సీలో ఎక్కి ఉన్నదో లేదో ముందే చూసుకున్నాము. 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చాము. పేరు మారేదాకా ఆ బండి వల్ల ఏమి జరిగినా కాగితం మీద యజమాని పాతవారే, ఇది మరువకండి.

తాళం ఇచ్చే ముందు ఆయనను కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్పాము. పాత బ్రేకు లైనింగులలో రాతినార ఉండేది. డ్రమ్ము విప్పినప్పుడు గాలి కొట్టి దుమ్ము లేపితే ఆ సన్నని పోగులు ఊపిరితిత్తులలో దిగుతాయి, జబ్బు ఇరవై ముప్ఫై ఏళ్ల తరువాత బయటపడుతుంది. కనుక మెకానిక్కు చేత తడి గుడ్డతో తుడిపించాలి. వెనుక అడ్డ బల్లలకు బెల్టులు లేవు, పైన రేకు లేదు, మలుపులో వేగంగా తిప్పితే పల్టీ కొడుతుంది. పిల్లలను అక్కడ కూర్చోబెట్టవద్దు. ఎండిన తారు రోడ్డు మీద నాలుగు చక్రాల లివరు వేయరాదు, గేరుపెట్టె బిగుసుకుపోతుంది.

“మనవలు ఎక్కుతామని ఏడుస్తారమ్మా,” అన్నారాయన.

“ఏడవనివ్వండి బాబూ,” అన్నాము.

వార్మరుకు ఇంకా నలభై వేలు తక్కువ. జీపు వెళ్లిన షెడ్డులో ఇప్పుడు రోగుల బంధువులు కూర్చోవడానికి బల్లలు వేయించాము. కోళ్లు మాత్రం ఇంకా అక్కడికే వస్తున్నాయి.