వార్తల్లో పదం: దేశాంతర దత్తత

తల్లిదండ్రుల పోషణకు నోచుకొనని శిశువును వేఱొక దేశమునందలి దంపతులు చట్టసమ్మతముగా తమ బిడ్డగా స్వీకరించుటయే దేశాంతర దత్తత. 1992 మొదలు లక్షన్నరకు మించి పిల్లలను విదేశములకు పంపిన చైనా, దగ్గరి బంధువుల విషయమున దక్క, 2024లో ఈ ద్వారమును మూసివేయుటతో ఈ మాట మరల పత్రికల కెక్కినది.

మన దేశమున దీనికి కట్టుబాట్లు ఏర్పడుటకు మూలము ఒక ఉత్తరము. పసిబిడ్డలను విదేశీయుల కప్పగించు సంస్థల అక్రమములను గూర్చి లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది వ్రాసిన లేఖనే వ్యాజ్యముగా స్వీకరించిన సుప్రీంకోర్టు, బిడ్డకు ముందుగా స్వదేశముననే ఇల్లు వెదకవలెననియు, దొరకనియెడలనే పరదేశమును తలపవలెననియు 1984లో జస్టిస్ భగవతి వ్రాసిన తీర్పున శాసించినది. 1993 నాటి హేగ్ ఒడంబడికయు ఈ క్రమమునే అంగీకరించినది. భారతదేశము దానిని 2003లో ఆమోదించినది.

శాసనమున్నంత మాత్రమున అంగడి మూతపడునా? లంబాడీ తండాలలోని పేద తల్లుల యొద్ద ఆడశిశువులను దళారులు స్వల్పమూల్యమునకు కొని హైదరాబాదులోని దత్తత కేంద్రములకు చేర్చుచున్నారను అభియోగములు 1999లోను, 2001లోను గుప్పుమన్నవి. బిడ్డను వదులుకొంటినని తల్లి వ్రాసియిచ్చు పత్రమే ఈ వ్యాపారమునకు ముసుగగుటచే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2001లో ఆ పద్ధతినే నిషేధింపవలసివచ్చెను. ఆలస్యమైనను సముచితమైన పని.

నేడు ‘కారా’ యను కేంద్ర సంస్థ నిరభ్యంతర పత్రము లేనిదే బిడ్డ ఎల్ల దాటరాదు. దత్తత ఉత్తర్వు జిల్లా కలెక్టరు ఇయ్యవలెను. బిడ్డ యోగక్షేమముల నివేదిక మొదటి యేట మూడు నెలల కొకసారియు, రెండవ యేట ఆరు నెలల కొకసారియు విదేశమునుండి రావలెను.