కంప్యూటరు లెక్కలో తప్పును పట్టు విధము

ఆవర్జాలో మొత్తము తప్పినచో పూర్వము కరణము ఏమి చేయుచుండెనో మీలో పెద్దలెరుగుదురు. చిట్టాను ముందుంచుకొని, పద్దు పద్దునకును వ్రేలు నిలిపి, అచ్చటివరకు వచ్చిన మొత్తము సరియా కాదా యని చూచుకొనుచు సాగెడివాడు. నేడు అనేక సహకార సంఘములలో వడ్డీ లెక్కలను కంప్యూటరు వేయుచున్నది. రెప్పపాటులో లక్షల మెట్లు దాటిపోవు ఆ యంత్రము తప్పుచెప్పినచో వ్రేలు నిలుపుట యెట్లు? దానిని నడుమ నాపి, "ఇప్పుడు నీ చేతనున్న అంకె యెంత?" అని అడుగు ఉపాయమును గూర్చి నేడు మనవి చేయుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట ఒక సహకార పరపతి సంఘమువారి వడ్డీ ప్రోగ్రామును పరీక్షింపుమని నన్ను కోరిరి. ఒక రైతు 40,000 రూపాయల పంట అప్పును, ఏడాదికి నూటికి 7 రూపాయల వడ్డీకి, 300 దినములు వాడుకొనెను. ఏడాదికి 365 దినముల చొప్పున వడ్డీ 2,301 రూపాయల 37 పైసలు కావలెను. రసీదులో పడినది 2,400. ఆయన కాగితముమీద తానే లెక్క వేసికొని పోగా, కంప్యూటరు తప్పునా యని రెండుమారులు త్రిప్పి పంపిరట. కంప్యూటరు తప్పలేదు, మనుష్యులు దానికి వ్రాసి యిచ్చిన ఆజ్ఞలలో తప్పున్నది.

ఆ యాజ్ఞల సముదాయమే ప్రోగ్రాము. పెద్ద ప్రోగ్రామును ఎవరును ఒకే పుస్తకముగ వ్రాయరు. ఈ సంఘమువారిది 43 ఫైళ్ళలో నుండెను. అందులో తప్పును వెదకు సాధనమును డీబగ్గరు, అనగా పురుగుల నేరునది, అందురు. ఆ పేరు నాకంతగా రుచింపదు. పురుగు తనంతట వచ్చి చేరును. ఈ తప్పు మనము చేతులార వ్రాసినదే గదా! నేను వాడినది రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో వ్రాసిన జీడీబీ. అది ఉచితముగ లభించును. అందు "ఇచ్చట ఆగుము" అని మనము పెట్టు గురుతునకు బ్రేక్‌పాయింటు అని పేరు.

ఈ యుపాయము క్రొత్తది కాదు. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రమునకు తీగలు తగిలించి ఆజ్ఞల నిచ్చుచుండిరి. దానివద్ద పనిచేసిన బెట్టీ హోల్‌బర్టన్ అను విదుషి, కావలసినచోట తీగ నొకదానిని ఊడదీసి లెక్కను ఆపు పద్ధతిని కల్పించెను. నేడు ఊడదీయుటకు తీగ లేదు. ఇంటెల్ జాతి ప్రాసెసర్లలో డీబగ్గరు ఆ చోటి ఆజ్ఞయొక్క మొదటి బైటును తీసి దాచి, దాని స్థానమున 204 అను అంకెను ఉంచును. ప్రాసెసరు ఆ యంకెను చదివినంతనే పని యాగును. మనము సాగుమన్న పిమ్మట డీబగ్గరు పాత బైటును మరల నచ్చటనే యుంచి నడిపించును.

నేను మొదట అవివేకమే చేసితిని. అనుమానము గలిగిన తొమ్మిది ఫైళ్ళలో ఫలానా ఫైలు, ఫలానా పంక్తి అని సంఖ్యలతో గురుతులు పెట్టితిని. మరునాడు ఒక ఫైలు పైభాగమున ఎవరో రెండు పంక్తులు చేర్చిరి. పంక్తులు క్రిందికి జరిగెను గాని, గురుతు పాత సంఖ్యనే పట్టుకొని యుండెను. కాపువాడు తూమును విడిచి కట్టమీద కూర్చున్నట్లాయెను. పిదప "ఆర్‌బ్రేక్" అను ఆజ్ఞతో ఆ ఫైళ్ళలోని ప్రతి ఫంక్షనునకును గురుతు పెట్టితిని. ఫంక్షననగా ఒక పేరు గల చిన్న ఆజ్ఞల గుంపు. అప్పుడు యంత్రము అడుగడుగున నాగజొచ్చెను. నాలుగు గంటలు గడచినను ఆ రైతు ఖాతాయే రాలేదు.

అప్పుడు పంక్తులను విడిచి పేరును పట్టుకొంటిని. అంకెలను గుండ్రము చేయు ఫంక్షను పేరు రౌండాఫ్. "బ్రేక్ రౌండాఫ్" అని ఒక్కమారు చెప్పగా, డీబగ్గరు ఒకటవ బ్రేక్‌పాయింటునకు 1.1, 1.2, 1.3 అని మూడు స్థానములు చూపెను. ఒకే పేరుతో మూడు ఫైళ్ళలో మూడు వేర్వేరు ఫంక్షనులున్నవని నాకంతవరకు తెలియదు! ఒకే యూరిలో ఒకే పేరుగల మువ్వురుండగా ఒకని జాబు మరియొకనికి చేరినట్లే. కావలసినచో వానిలో ఒక్కదానినే "డిసేబుల్ 1.2" అని నిద్రపుచ్చవచ్చును. నేను మూడింటిని మేలుకొలిపియే యుంచి, ఈ రైతు ఖాతా సంఖ్య వచ్చినప్పుడు మాత్రమే ఆగుమని షరతు చేర్చితిని. ఖాతా సంఖ్య ఫైళ్ళన్నిటికిని కనబడునట్లుండుటచే ఒక్క షరతే మూడుచోట్ల చెల్లెను.

నడిపినంతనే 1.3 వద్ద ఆగెను. అది తిరుగవ్రాసిన అప్పుల ఫైలు. నేను అనుమానించిన తొమ్మిదింటిలో అది లేనే లేదు. ఆ ఫంక్షనులోనికి వచ్చిన అంకె దినపు వడ్డీ, 7 రూపాయల 67 పైసలు. "ఫినిష్" అనగా ఫంక్షను ముగించి యిచ్చిన ఫలితము చూపెను: 8. తక్కిన రెండును పైసవరకు గుండ్రము చేయుచుండ, ఇది రూపాయివరకు చేయుచున్నది. ఆ 8ని 300తో గుణించిన 2,400. 98 రూపాయల 63 పైసలు అట్లు పెరిగినవి. 32,000 అప్పు తిరుగవ్రాసికొన్న వేరొకనికి దినపు వడ్డీ 6కు దిగి, 300 దినములకు 41 రూపాయల 10 పైసలు తరిగినవి. ఆయన ఫిర్యాదు చేయలేదు.

గుణించి, చివర నొక్కమారు పైసవరకు గుండ్రము చేయునట్లు దిద్దితిని. అటుపిమ్మట "సేవ్ బ్రేక్‌పాయింట్స్" అను ఆజ్ఞతో గురుతులనన్నిటిని షరతుతోగూడ ఒక ఫైలులో దాచి, దిద్దిన ప్రోగ్రాముమీద "సోర్స్" అను ఆజ్ఞతో మరల దింపితిని. పేరుతో పెట్టినవి గనుక పంక్తులు మారినను మూడును తమ స్థానములలోనే నిలిచెను. అప్పు తిరుగవ్రాసికొన్న ఇతర ఖాతాలను, షరతులోని సంఖ్యను మార్చుచు, ఒక్కొక్కటిగ నడిపి చూచితిని. ఆ పనికి రెండు దినములు పట్టెను. మూడవనాడు ఆ రైతునకు క్రొత్త రసీదు వ్రాసి యిచ్చిరి.