పెరటి కంచెకు వాక్కాయ – ముల్లుతో జాగ్రత్త



ఒక వానాకాలంలో ఒక అమ్మగారు కాలి బొటనవేలికి పుండుతో మా వార్డులో చేరారు. సుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గి, పెరట్లోని వాక్కాయ ముల్లు గుచ్చుకున్న సంగతే ఆమెకు తెలియలేదు. చీము పట్టాక ఇంట్లోవారు చూశారు. వేలు దక్కింది గాని చాలా రోజులు కట్లు కట్టవలసి వచ్చింది. "ఆ చెట్టు కొట్టించేయనా సిస్టరమ్మా?" అని అడిగారు. వద్దన్నాను. జాగ్రత్త తెలిస్తే అది ఇంటికి మేలు చేసే చెట్టే.

కొన్ని చోట్ల దీనినే కలేకాయ అంటారు. నీరు నిలవని నేల ఏదైనా దీనికి సరిపోతుంది. బాగా పండిన కాయల గింజలను దాచకుండా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే సంచులలో నాటాలి. పాతబడితే మొలవవు. మరుసటి ఏడాది తొలకరికి మొక్కలను నేలలో పెట్టాలి. కంచెకైతే 3 అడుగులు, కాయల కోసమైతే 10 అడుగులు ఎడం ఉంచాలి. మొదటి వేసవిలో నీరు పోసి బ్రతికించుకుంటే, తరువాత ఎండకు తట్టుకుంటుంది. సుమారు మూడవ ఏట కాపు మొదలవుతుంది.

వానాకాలంలో కాయలు వస్తాయి. పచ్చివి పప్పుకు, పచ్చడికి, పులిహోరకు. పండినవి జామ్‌కు బాగుంటాయి. బేకరీ కేకుపై ఉండే ఎర్రని చెర్రీ చాలాసార్లు రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయే! అమ్మదలచినవారు పచ్చిగా ఉండగానే కోయాలి. పండినవి రెండు మూడు రోజులకే మెత్తబడతాయి.

వాక్కాయలో విటమిన్ సి ఉంది. ఆకుకూరతో కలిపి తింటే అందులోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది. అలాగని రక్తం తక్కువగా ఉన్నవారు ఐరన్ మాత్రలు మానరాదు. బి.పి. ఉన్నవారు ఊరగాయ తగ్గించి, పప్పులో వేసుకోవడం మంచిది.

ఇక ముల్లు సంగతి:

1. పిల్లలు ఆడేచోట, నడిచే దారి పక్కన ఈ మొక్క నాటవద్దు.
2. కొమ్మలు నరికిన రోజే ముళ్ళన్నీ ఏరివేయాలి.
3. సుగర్ ఉన్నవారు పెరట్లోకి కూడా చెప్పులు లేకుండా వెళ్ళరాదు. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. అరికాలు కనిపించకపోతే అద్దం పెట్టుకోండి.
4. ముల్లు గుచ్చుకుంటే సబ్బు నీటితో కడిగి, ఆసుపత్రికి వచ్చి ధనుర్వాతం ఇంజెక్షను అవసరమేమో అడగండి. పసుపు, సున్నం పెట్టి ఇంట్లో కూర్చోవద్దు.

ఆ అమ్మగారి చెట్టు ఇప్పటికీ ఉంది. కాయలు కోసేది మనవడు. ఆమె చెప్పులు వేసుకుని పక్కన నిలబడి బుట్ట పట్టుకుంటారు.